మాటలున్న క్యాసెట్టు

మా మావయ్యను బజారంతా పొగ అని పిలుస్తుంది. సిగరెట్టు ముట్టడు, పాపం. సోల్డరింగ్ ఐరన్ కొనకు సీసం తీగ తగిలించగానే సన్నగా పొగ లేస్తుంది చూడండి, ఆ పొగలోకి ముఖం దూర్చి కూర్చుంటాడు కాబట్టి ఆ పేరు. ఫ్యాను వేసుకోవయ్యా మహానుభావా అంటే, గాలికి సీసం చల్లారిపోతుందంటాడు. మెట్ల కింద గది. అందులో బల్ల, బల్ల మీద పాత డబ్బా టీవీ, గోడకు మేకులు, మేకులకు వైర్లు. కుర్రతనంలో ఆ గదిలో పనివాడుగా చేరాడు, ఓనరు పోయాక ఆ గదికే ఓనరయ్యాడు. మధ్యలో ప్రపంచం ఎటు పోయిందో ఆయనకు పట్టలేదు. టీవీకి తగిలించి ఆడుకునే ఆటల మిషన్లు బాగుచెయ్యడం తప్ప ఇంకో పని నేర్చుకోలేదు.

ఒక దశలో ఆ మిషన్లు ఎవరికీ అక్కర్లేకుండా పోయాయి. మావయ్య రిమోట్లు, టార్చిలైట్లు బాగుచేసుకుంటూ రోజులు నెట్టాడు. ఆ తర్వాత ఏమైందో ఏమో, జనానికి చిన్నప్పటి ఆటల మీద మళ్ళీ మోజు పుట్టింది. తలలు నెరిసినవాళ్ళు, మంచి ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు, సంచుల్లో పాత క్యాసెట్లు పెట్టుకుని మెట్ల కింద గది ముందు వరస కట్టారు. క్యాసెట్టంటే పాటల క్యాసెట్టు కాదు, మిషన్ నెత్తిన గుచ్చే ప్లాస్టిక్ డబ్బా. దాంట్లో ఆట ఉంటుంది. వాళ్ళు మావయ్యను "సార్" అనేవారు. పొగ అనిపించుకున్న మనిషికి సార్ అన్న పిలుపు కొత్త చొక్కాలా ఎక్కడో గుచ్చుకునేది.

వచ్చినవాళ్ళలో చాలామంది ఒక ఆట గురించి తప్పకుండా అడిగేవారు. "సార్, దీపాల పిల్ల ఉందా? మాటలున్నది?"

ఆ మాట వినగానే మావయ్య ఐరన్ స్టాండులో పెట్టేసి, లేదండీ అనేవాడు. ఇంకేమైనా అడిగితే ఓపిగ్గా చెప్పే మనిషి, దాని దగ్గర మాత్రం లేదండీ అని ఊరుకునేవాడు. వాళ్ళు పోయాక కాసేపు ఏ పనీ ముట్టుకునేవాడు కాదు.

దీపాల పిల్ల పెద్ద పేరున్న ఆటేమీ కాదు. చేతిలో లాంతరు పట్టుకున్న చిన్న పిల్ల, చీకటి పడేలోగా డాబాల మీంచి డాబాల మీదకి గెంతుకుంటూ ఇంటికి చేరాలి. దారిలో వీధి దీపాలు వెలిగించాలి. అంతే కథ. కానీ గెంతు ఒక్క పిసరు అటూ ఇటూ అయితే పిల్ల సందులో పడేది. మహా కష్టమైన ఆట. అది వచ్చిన ఏడాదే ఇంకో పెద్ద ఆట వచ్చి దీన్ని మింగేసింది. అన్ని దేశాల్లోనూ దీన్ని మర్చిపోయారు. మర్చిపోనిది ఒక్క సంగతే. మిగతా అన్నిచోట్లా ఆ పిల్ల గెంతితే కీచుమని ఒక చప్పుడు, పడితే ఇంకో చప్పుడు. మా వైపు అమ్మిన క్యాసెట్లలో మాత్రం పిల్ల మాట్లాడేది. ఇక్కడ ఆ మిషన్లు బిగించి అమ్మే కంపెనీవాళ్ళు, మన పిల్లలకు మన మాటే వినిపిద్దామని ముచ్చటపడి, ప్రతి క్యాసెట్టులోనూ గొంతు నింపిన ఒక చిన్న ఐసీని, నల్లటి చిప్పు ముక్కని, అదనంగా పెట్టించారు. ఇప్పుడు ఎక్కడెక్కడి సేకర్తలో ఆ మాటల క్యాసెట్టు కోసం వెతుకుతున్నారు. దొరికేవన్నీ మాట పోయినవే. వాటికి వాళ్ళు పెట్టుకున్న పేరు మూగ క్యాసెట్లు. ఆ పేరు మా ఇంట్లో ఎవరూ పలకరు.

ఎందుకంటే ఆ పిల్ల గొంతు మా అమ్మది.

అమ్మ అప్పుడు ఆ కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేసేది. అమ్మకూ మావయ్యకూ తల్లిదండ్రులు లేరు. తమ్ముణ్ణి అక్కే సాకింది. నాన్న ఇంకా మా కథలోకి రాలేదు. అమ్మ ప్యాకింగ్ బల్ల దగ్గర పక్కవాళ్ళను నవ్విస్తూ అందరి గొంతులూ అనుకరించేదట. సూపర్‌వైజర్ దగ్గును సూపర్‌వైజర్ వెనకాలే దగ్గేదట. గొంతు కోసం ఎవరినో పట్నం నుంచి పిలిపిద్దామనుకున్న మేనేజరు, ఆ దగ్గు విని, ఈ పిల్ల ఉండగా ఇంకొకరెందుకన్నాడు. గోడలకు దుప్పట్లు కొట్టిన గదిలో మైకు ముందు నిలబెట్టారు. గెంతితే "హుప్". దీపం వెలిగితే "వెలిగిందోచ్!" కింద పడితే "అయ్యో!" ఆట ఆఖర్న పిల్ల ఇంటికి చేరితే తలుపు తెరుచుకుంటుంది. అక్కడ తలుపు తీసినవాళ్ళు అనాల్సిన మాటొకటి. కంపెనీవాళ్ళు రాసిచ్చింది "అభినందనలు, మీరు విజయం సాధించారు" అని. అమ్మ అది చదివి ముఖం చిట్లించి, "ఇంటికొచ్చిన పిల్లతో ఎవరైనా ఇలా మాట్లాడతారా అండీ? నన్ను అననివ్వండి" అందట. రికార్డింగ్ చేసేవాడు నవ్వి, నీ ఇష్టమన్నాడు.

ఏమందో మావయ్యకు చెప్పలేదు. క్యాసెట్టు బజార్లోకి వచ్చిన రోజు ఒకటి తెచ్చి చేతిలో పెట్టింది.

"చివరిదాకా ఆడరా. ఆఖర్న నీకోసం ఒక మాటుంది."

"అదేంటో ఇప్పుడే చెప్పొచ్చుగా అక్కా."

"చెబితే ఏముందిరా సన్నాసీ, ఆడు!"

మావయ్య ఆడాడు, రెండో వీధి దాటలేకపోయాడు. తర్వాత ఆడదాంలే అని అలమారలో పెట్టాడు. తర్వాత అన్నది ఎంత పనికిమాలిన మాటో నాకు మా మావయ్యను చూశాకే తెలిసింది.

ఎందుకంటే నెల తిరక్కుండానే షాపులో ఇంకో గొడవ మొదలైంది. ఆట కష్టమైనదని చెప్పాను కదా. పిల్లలు గెంతడం, పడడం, గెంతడం, పడడం. పడ్డప్పుడల్లా టీవీలోంచి "అయ్యో!" సెలవు రోజుల్లో ఏ ఇంటి ముందు నుంచి వెళ్ళినా అయ్యో, అయ్యో, అయ్యో. లోపల ఎవరో పోయారేమోనని ఇరుగుపొరుగువాళ్ళు వచ్చి తొంగిచూసేవారట. తల్లిదండ్రులు క్యాసెట్లు పట్టుకుని షాపు మీదకి వచ్చారు. "ఆట ఉండనివ్వండి, ఆ అయ్యోని మాత్రం తీసెయ్యండి బాబూ, తల పగిలిపోతోంది."

ఓనరు బతకనేర్చినవాడు. తీసేస్తామని బోర్డు పెట్టాడు. మా వైపు ఆ మిషన్లు విప్పే షాపు అదొక్కటే. షాపులో ఐరన్ బాగా తిప్పే చెయ్యి మావయ్యదే. నిజానికి ఆ ఐసీకి ఒక్క కాలు కత్తిరిస్తే గొంతు ఆగిపోతుంది. కావాలనుకున్నప్పుడు మళ్ళీ అతికించుకోవచ్చు. ఓనరు ఒప్పుకోలేదు. "కాలు కత్తిరిస్తే ఏం చేశామో వాళ్ళకేం కనిపిస్తుందిరా? మొత్తం పీకి చేతిలో పెట్టు." పన్ను పీకిన డాక్టరు పన్నును కాగితంలో చుట్టి ఇచ్చినట్టు, మావయ్య ఐసీని పీకి, కాగితంలో చుట్టి, క్యాసెట్టుతో పాటు ఇచ్చేవాడు. పని జరిగినట్టు ఋజువు. వాళ్ళు ఇంటికెళ్ళే దారిలో ఆ కాగితాన్ని పారేసేవారు. మా అమ్మ గొంతు అలా వీధుల పాలైంది.

షాపులో మిగతా పనివాళ్ళకు ఇదో వేళాకోళం. అయ్యోపాప వచ్చింది, అయ్యోపాప పళ్ళు పీకాలి, అంటూ ఒకటే నవ్వులు. ఆ గొంతు మా అక్కదిరా అని మావయ్య ఒక్కసారి అనుంటే సరిపోయేది. అనలేదు. వాళ్ళతోపాటు నవ్వాడు. ఐసీలు పీకినందుకు నేను మావయ్యను ఎప్పుడో క్షమించాను, ఉద్యోగం అలాంటిది. నవ్వాడని ఆయనే ఒకసారి నాతో చెప్పాడు. దానికి మాత్రం నాకిప్పటికీ కోపమే.

కొందరు పీకిన ముక్కను షాపులోనే వదిలేసి పోయేవారు. అలాంటివి మావయ్య చొక్కా జేబులో పడేసుకునేవాడు. ఒక ఆదివారం అమ్మ ఆ చొక్కా ఉతకబోయి జేబులో చెయ్యి పెట్టింది. ప్యాకింగ్ సెక్షన్ మనిషి కదా, వాటిని గుర్తుపట్టడానికి ఎంతసేపు? గుప్పెడు ఐసీలు. కడిగిన కంచం పక్కన బల్ల మీద వాటిని పోసి, తమ్ముడు వచ్చేదాకా కూర్చుంది.

"ఇవేంట్రా?"

మావయ్య తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. చివరికి "ఓనరు చెప్పాడక్కా" అన్నాడు. "జనానికి తలనొప్పిగా ఉందంట."

అమ్మ తిట్టలేదు, ఏడవలేదు. "అలాగా" అంది. మర్నాడు పొద్దున్నే సిగ్గుతో మావయ్య ఆ గుప్పెడూ తీసుకెళ్ళి మురుగుకాలవలో పారబోశాడు. అక్క కంటికి కనబడకూడదని. అలమారలో ఉన్న తన క్యాసెట్టు కూడా ఎవరో అడిగితే ఇచ్చేశాడు. ఆఖరి మాట అందులో ఉందన్న ధ్యాసే లేదు.

ఆ రోజు నుంచి ఇంట్లో ఒకటి మారింది. అంతకుముందు తమ్ముడు షాపు నుంచి ఎంత ఆలస్యంగా వచ్చినా అమ్మ తినకుండా ఉండేది. రాగానే ముందు చేతుల వంక చూసేది. సీసం విషంరా, కడుక్కోకుండా కంచంలో చెయ్యి పెట్టావంటే వీపు విమానం మోత మోగుతుంది, అని రోజూ ఒకటే పాట. ఆ తర్వాత ఎదురుచూడడం మానేసింది. తాను తినేసి, తమ్ముడి కంచం మీద మూతపెట్టి పడుకునేది. మావయ్య ఒక్కడే మూత తీసుకుని తినేవాడు. మాటలు లేకపోలేదు, ఉప్పు అయిపోయింది, కరెంటు పోయింది, అవన్నీ ఉన్నాయి. కంపెనీ తర్వాతి ఆటకు గొంతు పెట్టలేదు. ఆ తర్వాత అమ్మ ఏ మైకు ముందూ నోరు విప్పలేదు. నా చిన్నప్పుడు నాన్న టేపురికార్డరు తెచ్చి ఏదో ఒకటి అనమంటే, చెయ్యి అడ్డం పెట్టి లేచిపోయింది. నాకప్పుడు అర్థం కాలేదు.

కొన్నేళ్ళ కిందట అమ్మకు గొంతులో జబ్బు చేసింది. ఆపరేషన్ చేసి మనిషిని దక్కించారు. గొంతు దక్కలేదు. ఇప్పుడు మెడ దగ్గర చిన్న రంధ్రం, దాని మీద తెల్లటి గుడ్డ, చేతిలో పలక. పలక మీద రాసి చూపించి, తుడిచేస్తుంది. నన్ను తిట్టాలంటే సుద్దముక్క విరిగేంత గట్టిగా రాస్తుంది.

అప్పుడు మొదలైంది మావయ్యకు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆయన్ని చూస్తే తెలుస్తుంది. సేకర్తలు అడిగే ఆ మాటల క్యాసెట్టును వాళ్ళకంటే ఎక్కువగా తనే వెతికాడు. పాత సామాన్ల బజారు, ఇళ్ళు ఖాళీ చేసేవాళ్ళ మూటలు, మూతబడిన షాపుల అటకలు. దొరికిన ప్రతి దీపాల పిల్లనూ విప్పేవాడు. లోపల ఐసీ ఉండాల్సినచోట ఖాళీ. ఆ ఖాళీ చుట్టూ శుభ్రంగా పీకిన గుర్తులు, ఒక్క గీత కూడా పడకుండా. "ఇంత నీటుగా ఎవడు పీకాడో చూడవే" అని నాకు చూపించి తనే తలదించుకునేవాడు. చెయ్యి బాగా తిరిగినందుకు ఏడ్చిన పనివాణ్ణి నేను మా మావయ్యనొక్కణ్ణే చూశాను.

నేనొకసారి అమ్మను అడిగాను, ఆఖర్న ఏమన్నావమ్మా, రాసి చూపించు, మావయ్యకు చెబుతాను అని. అమ్మ పలక ఒళ్ళో పెట్టుకుని "వాడే వినాలి" అని రాసి తుడిచేసింది. మొండితనంలో అక్కాతమ్ముళ్ళు ఒకే గింజ రెండు బద్దలు.

ఒక వానాకాలంలో కళ్ళద్దాల షాపావిడ వచ్చింది. సందు చివర ఆమెకు సొంత షాపుంది, మావయ్య భూతద్దం అక్కడే కొన్నాడు. ఆమెకూ ఈ పాత ఆటల పిచ్చి ఉందని మాకెవరికీ తెలియదు. ఆ సాయంత్రం నా మందుల షాపు మూసి, మావయ్యను ఇంటికి లాక్కెళ్దామని నేనూ అక్కడే ఉన్నాను. ఆమె చేతిసంచీలోంచి మెత్తటి గుడ్డలో చుట్టిన క్యాసెట్టు తీసి బల్ల మీద పెట్టింది.

"మెకానిక్ గారూ, ఇది పెడితే తెర తెల్లగా వస్తోందండీ. కానీ దీన్ని విప్పితే నేనొప్పుకోను. ఇప్పటిదాకా ఎవరూ లోపల ముట్టుకోనిది. మా పెద్దమ్మ ఇంట్లో దొరికింది. వాళ్ళమ్మాయి పెళ్ళయి వెళ్ళేటప్పుడు మంచం కింద పెట్టెలో దాచిపోయిందట."

దీపాల పిల్ల. వెనక స్క్రూల మీద కంపెనీ రంగు చెక్కుచెదరలేదు. మావయ్య దాన్ని ముట్టుకోలేదు. చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు.

"విప్పను మేడమ్," అన్నాడు. స్పిరిట్‌లో ముంచిన దూదితో, మిషన్‌లోకి దిగే క్యాసెట్టు పళ్ళు మాత్రం తుడిచాడు. రబ్బరుతో మెల్లగా రుద్దాడు. మళ్ళీ తుడిచి మిషన్ మీద గుచ్చాడు. డబ్బా టీవీలో డాబాలు కనిపించాయి. లాంతరు పట్టుకున్న పిల్ల నిలబడింది. మావయ్య ఒక బటన్ నొక్కాడు.

"హుప్!"

నేను పుట్టకముందటి అమ్మ. నాకు తెలిసిన గొంతే, కానీ ఇంకా ఎవరి మీదా విసుక్కోవడం నేర్చుకోని గొంతు. మావయ్య చెయ్యి తప్పి పిల్ల సందులో పడింది. "అయ్యో!" అంది అమ్మ. అంతే, ఆ మనిషి టీవీ కట్టేసి బల్ల మీద తల పెట్టేశాడు. కళ్ళద్దాలావిడ బెదిరిపోయి నా వంక చూసింది. నేను ఉన్నదున్నట్టు చెప్పాను, ఐసీలు పీకడం, మురుగుకాలవ, పలక, అన్నీ. దాచడానికి ఇంకేం మిగిలింది?

ఆమె క్యాసెట్టును గుడ్డలో చుట్టింది. తీసుకెళ్ళిపోతుందనుకున్నాను. "మీ ఇల్లెక్కడ?" అంది. "మిషన్ మీరు పట్టుకోండి. దీన్ని మాత్రం నేనే పట్టుకుంటాను, ఏమనుకోకండి."

ఇంట్లో అమ్మ బట్టలు మడతపెడుతోంది. నాన్న ఎప్పటిలాగే లారీతో ఎక్కడో రోడ్డు మీద ఉన్నాడు. మావయ్య ఏమీ చెప్పకుండా మిషన్ మా టీవీకి తగిలించాడు. క్యాసెట్టును చూడగానే అమ్మ మడత ఆపేసింది. కళ్ళద్దాలావిడ దగ్గరకెళ్ళి, సినిమా తారను చూసినట్టు చూసి, "ఆ అయ్యో మీరేనా అమ్మగారూ?" అంది. అమ్మ భుజాలు కదిలాయి. మా అమ్మ ఇప్పుడు నవ్వితే అంతే, చప్పుడుండదు.

ఆట మావయ్య మొదలుపెట్టాడు. రెండో వీధి దాటలేకపోయాడు. కుర్రతనంలోనూ అక్కడే, ఇప్పుడూ అక్కడే. నేను ప్రయత్నించాను, కళ్ళద్దాలావిడా ప్రయత్నించింది. ఇల్లంతా అయ్యో, అయ్యో. పక్కింటాయన కిటికీలోంచి ఏమైందండీ అని అరిచాడు. చివరికి అమ్మ చెయ్యి చాపి, ఇటివ్వు అన్నట్టు వేళ్ళాడించింది. ప్యాకింగ్‌కు ముందు ప్రతి పెట్టెలోంచీ ఒక క్యాసెట్టు తీసి ఆడి చూడడం ఆమె పనే. మాకెవరికీ ఆ సంగతి గుర్తులేదు. ఆమె వేళ్ళకు గుర్తుంది.

పిల్ల డాబాలు దాటుకుంటూ వెళ్ళింది. దీపం వెలిగినప్పుడల్లా "వెలిగిందోచ్!" అని పడుచు అమ్మ అరుస్తుంటే, ముసలి అమ్మ పెదవులు కూడా ఆ మాటకు కదులుతున్నాయి. మావయ్య టీవీ చూడడం లేదు. ఆ పెదవులే చూస్తున్నాడు. ఆఖరి వీధిలో అమ్మ చాలాసార్లు పడింది. పడ్డప్పుడల్లా మావయ్య, "వద్దులే అక్కా, ఇక చాలు" అన్నాడు. అమ్మ వినలేదు. ఆమె వినే రకమైతే ఇంత కథ ఎందుకు?

పిల్ల ఇంటి మెట్లెక్కుతుండగా నేను ఫోన్ తీసి రికార్డింగ్ నొక్కబోయాను. అమ్మ తెర మీంచి చూపు తిప్పకుండానే ఎడం చేత్తో నా ఫోన్ కిందికి దించింది. తలుపు తెరుచుకుంది. గడపలో వెలుతురు. ఒక క్షణం ఏ చప్పుడూ రాలేదు, పాడైందేమో అనుకున్నాను. తర్వాత ఆ గొంతు, చిన్నపిల్ల గొంతు కాదు, ఇంట్లో మాట్లాడే మామూలు గొంతు:

"వచ్చావా? చేతులు కడుక్కుని రా. నేనింకా తినలేదు, నీకోసమే కూర్చున్నా."

తెర నల్లబడింది. కళ్ళద్దాలావిడ క్యాసెట్టు తీసి గుడ్డలో చుట్టుకుని, ఎప్పుడు కావాలంటే అప్పుడు తెస్తానని నాతో మెల్లగా చెప్పి వెళ్ళిపోయింది.

ఆ మాటను ప్రతి క్యాసెట్టులోంచీ తన చేత్తోనే పీకిన మనిషి కుర్చీలో అలాగే ఉండిపోయాడు. నాకు ఆయన మీద జాలి వేసింది. ఇద్దరి మీదా ఒళ్ళు మండింది కూడా. ఒక్కసారి చివరిదాకా ఆడుంటే ఏం పోయేది ఈయనకి? ఒక్కసారి నోటితో చెప్పుంటే ఏం పోయేది ఈమెకి, చెప్పడానికి నోరున్న రోజుల్లో? అడుగుదామని అమ్మ వైపు తిరిగాను. అమ్మ అప్పటికే వంటింట్లో ఉంది. రెండు కంచాలు తెచ్చి బల్ల మీద పెట్టింది. దేని మీదా మూత పెట్టలేదు. తన కుర్చీలో కూర్చుని, ఒళ్ళో చేతులు పెట్టుకుని, తమ్ముడి చేతుల వంక చూసింది.

మావయ్య లేచి పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్ళాడు. నీళ్ళు పడుతున్న చప్పుడు చాలాసేపటిదాకా వినిపించింది. నేను వెళ్ళి తువ్వాలు అందించబోతే, సబ్బుతో వేళ్ళ సందులు ఇంకా రుద్దుతూనే ఉన్నాడు.

"పోవట్లేదే," అన్నాడు.

"చాల్లే మావయ్యా, రా," అన్నాను. "అమ్మ ఇంకా తినలేదు."